మా ‘గిత్త కుమ్ము’ దెబ్బను తగ్గించాలా, పూర్తిగా తీసేయాలా?

ప్రశ్న (ఒంగోలు, ఆట నడిపేవాడు):

అందరికీ నమస్కారం. ఒంగోలులో మేము ఐదుగురం మిత్రులం ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కొక్కరు ఒక్కో వీరుడి పాత్ర తీసుకొని, పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్‌ను 2014 నాటి పుస్తకాల ప్రకారం ఆడుతున్నాం. ఆట నడిపే బాధ్యత నాది. ఫైటర్ (ఆయుధంతో పోరాడే యోధుడు) పాత్ర ఆడే మిత్రుడి ఇంట్లో తాతల నాటి నుంచి ఎడ్లను పెంచుతున్నారు కాబట్టి, ఆ ముచ్చటతో అతని పాత్ర కోసం ‘గిత్త కుమ్ము’ అనే సామర్థ్యాన్ని నేనే రాసిచ్చాను. శత్రువు వైపు కనీసం 20 అడుగులు తిన్నగా పరుగెత్తి కొట్టిన మొదటి దెబ్బ తగిలితే, మామూలు నష్టానికి తోడు రెండు ఆరు ముఖాల పాచికలు అదనంగా వేయాలి, శత్రువు నేల మీద పడిపోవాలి. శత్రువు తట్టుకొని నిలబడడానికి సేవింగ్ త్రో, అంటే తప్పించుకోవడానికి వేసే పాచిక, ఇవ్వలేదు, ఇన్నిసార్లే వాడాలన్న పరిమితి కూడా పెట్టలేదు.

పాత్రలన్నీ ఐదవ లెవెల్‌కు వచ్చేసరికి ఈ ముచ్చట నా మెడకు చుట్టుకుంది. విల్లు పట్టిన పాత్రను ఆడే మిత్రుడు, తాను ఉన్నా లేకపోయినా యుద్ధం ఒకలాగే ముగుస్తోందని బాధపడుతున్నాడు. రెండు వారాల క్రితం అదనపు పాచికలను రెండు నుంచి ఒకటికి తగ్గించాను. దానితో ఫైటర్ మిత్రుడు అలిగాడు గానీ, విలుకాడి అసంతృప్తి మాత్రం వీసమెత్తు కూడా తగ్గలేదు. ఇంకా తగ్గించమంటారా, లేక మొత్తానికే తీసేయమంటారా?

జవాబు 1 (నెల్లూరు):

అదనపు నష్టాన్ని సగం చేసినా విలుకాడి బాధ తగ్గలేదని మీరే రాశారు. అంటే అతని బాధకు మూలం అదనపు పాచికల్లో లేదు, శత్రువు కిందపడడంలో ఉంది. నేల మీద పడి ఉన్నవాడిని ఐదు అడుగుల లోపు నుంచి కొట్టేవారికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోవడం) వస్తుంది, అంతకంటే దూరం నుంచి కొట్టేవారికి డిసడ్వాంటేజ్ (రెండింటిలో చిన్న అంకె తీసుకోవడం) వస్తుంది. మీ ఫైటర్ ముందుగా వెళ్ళి కుమ్మి పడేసిన ప్రతిసారీ, ఆ శత్రువు తన వంతు వచ్చి లేచి నిలబడే లోపల విలుకాడు వేసే బాణాలన్నీ ఆ డిసడ్వాంటేజ్‌తోనే వేయాల్సి వస్తోంది.

లెక్క వేసి చూద్దాం. దాడి పాచికకు +7 కలుస్తూ, శత్రువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15 అయితే, ఇరవై ముఖాల పాచికపై 8 లేదా అంతకు మించి పడితే దెబ్బ తగులుతుంది, అంటే 65 శాతం అవకాశం. డిసడ్వాంటేజ్ ఉన్నప్పుడు రెండు పాచికలపైనా 8 లేదా అంతకు మించి పడాలి కాబట్టి అది సుమారు 42 శాతానికి దిగిపోతుంది. తగలాల్సిన బాణాల్లో మూడింట ఒక వంతుకు పైగా అతని తప్పేమీ లేకుండానే గాలిలో పోతున్నాయి. మంత్రగాడైన విజార్డ్ అగ్నిగోళం విసిరితే ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే దానికి శత్రువే సేవింగ్ త్రో వేయాలి. మీ జట్టులో విజార్డ్ ఉండి, ఇంతవరకు నోరెత్తకపోతే, దానికి కారణం బహుశా అదే అయి ఉంటుంది.

ఇక ఫైటర్ వైపు చూద్దాం. బలానికి +4 ఉండి, రెండు చేతుల పెద్ద కత్తి పట్టాడనుకుంటే ఒక దెబ్బకు సగటున 11 నష్టం వస్తుంది. ఐదవ లెవెల్‌లో ఉన్న రెండు దాడులకూ కలిపి, అదే 65 శాతం అవకాశంతో, క్రిటికల్ దెబ్బలను (పాచికపై 20 పడితే ఎక్కువ నష్టం చేసేవి) పక్కన పెడితే, వంతుకు 14.3 అవుతుంది. మీరు మొదట రాసిన నియమంతో అది 20.5కు, అంటే నలభై శాతానికి పైగా పెరిగింది. ఒక పాచిక తీసేశాక కూడా 18.2 దగ్గరే ఉంది, ఎందుకంటే శత్రువు పడిపోయాడు గనుక రెండో దెబ్బకు అడ్వాంటేజ్ వచ్చి చేరుతోంది. మీరు కనిపించే అంకెను తగ్గించి, కనిపించనిదాన్ని అలాగే ఉంచారు.

పుస్తకంలో దీనికి దగ్గరగా ఉన్న సామర్థ్యంతో పోల్చి చూడండి. బ్యాటిల్ మాస్టర్ అనే రకం ఫైటర్‌కు మూడవ లెవెల్‌లో వచ్చే, శత్రువును పడేసే ట్రిప్ అటాక్‌లో అదనంగా వచ్చేది ఒక్క ఎనిమిది ముఖాల పాచిక. శత్రువుకు బలంతో సేవింగ్ త్రో ఉంటుంది, మరీ భారీ శరీరం ఉన్నవాటిని అది పడేయలేదు. అలాంటి పాచికలు నాలుగే ఇస్తారు, అవి అయిపోతే ఒక గంట విశ్రాంతి తీసుకునే దాకా మళ్ళీ రావు. ఇన్ని కట్లు ఉన్న సామర్థ్యం కంటే ఏ కట్టూ లేని మీ కుమ్ము బలంగా ఉండడంలో ఆశ్చర్యం ఏముంది?

జవాబు 2 (కావలి):

పై లెక్కతో నాకు పేచీ లేదు, కానీ ఇచ్చిన సామర్థ్యాన్ని వెనక్కి లాక్కోవడం నాకు నచ్చదు. 20 అడుగులు తిన్నగా పరుగెత్తాలన్న షరతు మీ నియమంలోనే ఉంది కదా. మరి ప్రతి యుద్ధాన్నీ నున్నటి గచ్చు మీద ఎందుకు పెడుతున్నారు? పెన్నా ఇసుకలోనో, నీళ్ళు పెట్టిన వరి కయ్యలోనో పెడితే అడుగుకు రెండు అడుగుల నడక ఖర్చవుతుంది కాబట్టి, 30 అడుగుల వేగం ఉన్నవాడు 15 అడుగులకు మించి వెళ్ళలేడు, కుమ్ము దానంతట అదే ఆగిపోతుంది. కొండకోట మెట్ల మీద తిన్నని దారే దొరకదు. నియమం మార్చకుండా నేలను మార్చి చూడండి.

జవాబు 3 (దర్శి):

కావలి మిత్రుల సలహా నాలుగైదు ఆటలకొకసారి అయితే బాగుంటుంది. ప్రతి ఆదివారం ఇసుకలోనే యుద్ధం పెడితే, అది తనమీద కక్ష అని ఫైటర్ మిత్రుడికి మూడో వారానికే అర్థమవుతుంది. చెప్పి తగ్గించినదానికే అలిగినవాడు, చెప్పకుండా కట్టేసినందుకు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటాడు.

మన వైపు బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. పాల పళ్ళ ఎడ్లను, రెండు పళ్ళ ఎడ్లను, ఆరు పళ్ళ ఎడ్లను ఒకే విభాగంలో దించరు, వాటి వయసునుబట్టి బండ బరువును నిర్ణయిస్తారు. అంతేగానీ జత బాగా లాగుతోందని మధ్యలో ఎవరూ బండ బరువు పెంచరు, తరువాతి పోటీకి ముందే చెబుతారు. మీరు చేసిన పొరపాటు అక్కడే జరిగిందని నా అనుమానం. ఆట మధ్యలోనే పాచిక తీసేశారా?

మార్పు విషయానికి వస్తే, శత్రువును పడేయడానికి బదులు 10 అడుగులు వెనక్కి నెట్టేలా రాయండి. ఇదే ఆటకు 2024లో వచ్చిన కొత్త పుస్తకంలోని చార్జర్ అనే ఫీట్ (పాత్రకు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) అలాంటిదే: కనీసం 10 అడుగులు తిన్నగా వెళ్ళి కొట్టిన దెబ్బ తగిలితే, ఒక ఎనిమిది ముఖాల పాచిక అదనపు నష్టం గానీ, 10 అడుగుల నెట్టుడు గానీ వంతుకు ఒక్కసారి దక్కుతుంది, రెండూ కలిపి రావు. నెట్టినవాడు నిలబడే ఉంటాడు కాబట్టి విలుకాడి బాణానికి ఏ అడ్డూ ఉండదు. పైగా కుమ్మిన గిత్త మనిషిని తీసి అవతల పారేస్తుందే తప్ప, మర్యాదగా పడుకోబెట్టి పక్కన నిలబడదు.

ప్రశ్న అడిగినవారు:

అవును, పాచికను ఆట మధ్యలోనే, అదీ యుద్ధం జరుగుతుండగా తీసేశాను. ఈ ఆదివారం ఆట మొదలుపెట్టకముందే ఆ తప్పు ఒప్పుకొని, నెల్లూరు వారి లెక్కను అందరి ముందూ పెట్టాను. ‘నా బాణాలు ఎందుకు తగలడం లేదో ఇన్నాళ్ళకు తెలిసింది’ అని విలుకాడు నవ్వేశాడు. ఇంతకాలం పాచికలదే దోషమనుకొని అతను వాటిని రెండుసార్లు మార్చాడట.

కొత్త నియమాన్ని మూడు ఆదివారాలు పరీక్షించి చూద్దామని ఒప్పుకున్నాం. ఒక ఎనిమిది ముఖాల పాచిక నష్టమా, 10 అడుగుల నెట్టుడా అన్నది దెబ్బ తగిలాక ఫైటరే ఎంచుకుంటాడు. నెట్టదలిస్తే శత్రువుకు బలంతో సేవింగ్ త్రో ఉంటుంది, అతను 15 దాటితే కదలడు. మొదటి యుద్ధంలోనే ఫైటర్ ఒక భారీ రాక్షసుడిలాంటి ఓగర్‌ను కోట గోడ అంచు మీంచి కిందికి నెట్టి, అది పడిన చప్పుడు తానే నోటితో చేసి చూపించాడు. అలక అక్కడితో పోయింది. ఇకపై గోడల అంచుల దగ్గర శత్రువులను నిలబెట్టే ముందు నేనే కాస్త ఆలోచించుకోవాలి.