ఇంట్లో సామాన్లనే ఫొటోలు తీయాలంటే ఏం చూడాలి?

చార్మినార్, ట్యాంక్‌బండ్ అందరూ తీసేవే కదా అని ఈమధ్య ఇంట్లో వస్తువుల మీద పడ్డాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో మామూలు క్యాప్సికమ్‌ను రేకు గరాటులో పెట్టి తీసిన ఫొటో చూశాక ఈ పిచ్చి ఇంకా ముదిరింది. కిటికీ దగ్గర జల్లెడ పెడితే పొద్దుటి ఎండకి గోడ మీద చుక్కలు చుక్కలుగా నీడ భలే పడింది, ఇరానీ చాయ్ సాసర్‌లో మిగిలిన గోధుమరంగు మరక కూడా బాగానే వచ్చింది, కానీ ఆ తర్వాత ఏది పట్టుకున్నా అదే నీడ, అదే యాంగిల్, బుర్ర పనిచేయడం లేదు. స్టీలు గిన్నెల్లోనేమో నా మొహమూ ఫోనూ కనబడుతున్నాయి, అదో తలనొప్పి. కెమెరా కొనమని మాత్రం చెప్పకండి ప్లీజ్. బేగంబజార్ ఇత్తడి సామాన్ల కొట్లలో ఫొటోలు తీయనిస్తారా? ఒకే వస్తువును కొత్తగా చూడాలంటే మీరైతే ఏం చేస్తారండీ?