కౌన్సిలర్ ఎన్నిక: ముగ్గురూ మంచివాళ్లే అంటున్నారు, ఏం చూసి ఓటెయ్యాలి?

రెండో అంతస్తు:

అందరికీ నమస్కారం. ఆంధ్రాలో ఒక మున్సిపాలిటీ మాది. ఊరి పేరు, వార్డు నంబరు చెప్పను. చెబితే సాయంత్రానికల్లా అన్ని పార్టీల వాళ్లూ ఇంటిముందు ఉంటారు.

మా వార్డు ఈసారి జనరల్ మహిళకు రిజర్వ్ అయింది. బరిలో ముగ్గురు ఉన్నారు. ఒకరు పాత కౌన్సిలర్ గారి భార్య. కరపత్రంలో ఆవిడ ఫొటో మూలన చిన్నగా ఉంది, ఆయన ఫొటో మాత్రం అరపేజీ. రెండో ఆవిడ రిటైరైన టీచరు, అవతలి పార్టీ. మూడో అమ్మాయి ఇండిపెండెంట్, ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా ఫొటో తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టి, పని అయ్యేదాకా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని వదలదు.

హామీలు చూస్తే ముగ్గురివీ ఒకే ప్రెస్సులో కొట్టినట్టున్నాయి. పింఛన్లు ఇప్పిస్తాం, ఇళ్ల స్థలాలు ఇప్పిస్తాం, ఆస్తి పన్ను తగ్గిస్తాం, కాలవలు, సీసీ రోడ్లు. మా నాన్నగారు పార్టీ మారే ప్రసక్తే లేదంటున్నారు. మా ఆవిడ టీచరమ్మకే అంటోంది. నాకు తేలడం లేదు. అసలు కౌన్సిలర్ చేతిలో ఏముంటుంది? ఇంకో సందేహం, ఇరవై నాలుగేళ్లకే పోటీ చెయ్యొచ్చా?

గోదారి గట్టు:

ఇంత ఆలోచన ఎందుకండీ, అధికార పార్టీ మనిషికి వేసేయండి. నిధులు ఎమ్మెల్యే చెబితేనే కదులుతాయి. ఇండిపెండెంట్ గెలిచినా, కౌన్సిలర్లంతా కలిసి ఛైర్మన్‌ని ఎన్నుకునే నాటికి ఎవరో ఒకరి కండువా కప్పుకోవడం ఖాయం. మా ఊళ్లో జరిగింది అదే.

పాత గుమాస్తా:

రెండో అంతస్తు గారూ, నేను మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అజెండా టైపు చెయ్యడం, కౌన్సిలర్ల ఇళ్లకు పంపడం, మీటింగులో వెనక కూర్చుని మినిట్స్, అంటే ఎవరేమన్నారో, ఏం తీర్మానించారో రాయడం నా పని. వీధిలో కౌన్సిలర్ ఎలా ఉంటాడో మీకు తెలుసు. హాల్లో ఎలా ఉంటాడో నాకు తెలుసు.

వయసు సంగతి ముందు చెప్పేస్తాను. 21 నిండితే చాలు. 25 ఉండాలన్నది అసెంబ్లీకి.

ఇక హామీలు. పింఛను దరఖాస్తు వార్డు సచివాలయంలో ఇస్తారు, అర్హత నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వానివి. సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచి ఈ విషయంలో కౌన్సిలర్ చెయ్యగలిగింది మాట సాయం, అంతే. ఇళ్ల స్థలాలు రెవెన్యూ వాళ్ల వ్యవహారం. ఆస్తి పన్ను 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ లెక్కన వేస్తున్నారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి కూడా ప్రభుత్వమే పెట్టింది. ఒక్క వార్డు మెంబరు దాన్ని తగ్గించేది లేదు. ఈ మూడూ కొట్టేయండి, మిగిలేవి కాలవలు, రోడ్లు. ఆ డబ్బు పన్నుల మీద వచ్చే జనరల్ ఫండ్ నుంచో, ఆర్థిక సంఘం గ్రాంటు నుంచో రావాలి. గ్రాంటులో కొంత భాగం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ అని ముందే కట్టేసి పంపుతారు. కాబట్టి "మీ వీధి రోడ్డు నేనే వేయించాను" అనే మాట ఎవరు చెప్పినా సగమే నమ్మండి.

మరి కౌన్సిలర్ చేతిలో ఉన్నదేమిటి? కౌన్సిల్‌లో ఒక నోరు, ఒక ఓటు. తక్కువేం కాదు. ఊళ్లో మున్సిపాలిటీ పెట్టే ఖర్చు చాలావరకు అజెండా మీదకి రావాల్సిందే. మీటింగుకి కొన్ని రోజుల ముందు అజెండా కట్ట ఇంటికి పంపేవాళ్లం. మీటింగు రోజు చూస్తే చాలామంది చేతుల్లో ఆ కట్ట వేసిన పిన్ను వేసినట్టే ఉండేది. హాజరు పుస్తకంలో సంతకం, టీ, ఒకటి నుంచి ముప్పై దాకా "ఆమోదించడమైనది" అని బల్లలు చరచడం, ఇంటికి పోవడం. అసలు కిటుకు టేబుల్ అజెండాలో ఉంటుంది. అంటే ముందు పంపిన కట్టలో లేకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశాలు. ఎవరూ చదవకూడదనుకున్నవి సాధారణంగా అక్కడే దూరతాయి. అన్నీ అలాంటివే అనను, నిజంగా అత్యవసరమైనవీ ఉంటాయి.

ఒకసారి చెత్త తరలించే ట్రాక్టర్ల అద్దె గడువు ఇంకో మూడు నెలలు పొడిగించాలని ఒక అంశం వచ్చింది. టెండర్ పిలవడానికి వ్యవధి లేదు కాబట్టి పాతవాళ్లనే కొనసాగిద్దాం అని రాశాం. అందరూ ఆమోదం అనేలోగా వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "ఈ మూడు నెలలు ఎన్నోసారండీ?" అన్నారు. హాల్లో నవ్వులు. ఆవిడ కూర్చోలేదు. పాత తీర్మానాల నంబర్లు కాగితం మీద రాసుకొచ్చారు, ఒక్కొక్కటే చదివారు. మూడేసి నెలల చొప్పున రెండేళ్లు దాటిపోయింది. కమిషనర్ గారు నా వైపు చూశారు, నేను రిజిస్టర్ వైపు చూశాను. ఆ అంశం వాయిదా పడింది, తర్వాత టెండర్ పిలిచారు. ఆవిడ అధికార పార్టీ మనిషే, పైగా పెద్దగా చదువుకున్నావిడ కూడా కాదు. ఆవిడ వార్డుకి దానివల్ల ఒక్క మీటరు రోడ్డు అదనంగా రాలేదు, తర్వాతి ఎన్నికలో ఆవిడకి టికెట్ కూడా రాలేదు. అది వేరే కథ.

గోదారి గట్టు గారు చెప్పింది సగం నిజం. ఛైర్మన్ ఎన్నికలో విప్ ఉంటుంది, అంటే ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం. ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే పదవి రీత్యా, వచ్చి ఓటేస్తారు. అక్కడ కౌన్సిలర్ సొంత బుర్రతో పని లేదు. కానీ ఆ ఒక్కరోజు తర్వాత ఐదేళ్లు నడిచేది ఈ ట్రాక్టర్లు, వీధి దీపాల మెయింటెనెన్స్, టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇచ్చే చిన్న చిన్న పనులు. అక్కడ అడిగే మనిషి ఉన్నారా లేదా అన్నదానికి విలువ ఉంది.

అందుకని ఇంటికొచ్చిన వాళ్లని రోడ్డు అడక్కండి. "కౌన్సిల్ మీటింగు అజెండా ముందుగా మాకు చూపిస్తారా?" అని అడగండి. మొహంలోనే సగం జవాబు దొరుకుతుంది. పాత కౌన్సిలర్ గారు ఎన్ని మీటింగులకు వచ్చారో, నోరు తెరిచారో లేదో మినిట్స్‌లో ఉంటుంది. సమాచార హక్కు కింద అడగొచ్చు, కాకపోతే జవాబుకి 30 రోజుల గడువుంది, పోలింగ్ లోగా అందకపోవచ్చు. నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఉంటాయి. దాన్ని రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద పెడతారు, వెళ్లి చూడండి. పేజీలు తక్కువే.

మెట్టినిల్లు:

గుమాస్తా గారు చెప్పనిది ఒకటి నేను చెబుతాను. మహిళా సీటు కదా, కరపత్రం మీద ఉన్న ఫోన్ నంబరుకి ఒకసారి చేసి చూడండి. ఎవరెత్తుతారో చూడండి.

మా అత్తయ్య గారు కౌన్సిలర్‌గా చేశారు. మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఫోన్ చేసినా, మేస్త్రీ వచ్చినా మావయ్య గారికే. మీటింగు రోజు ఆయన హాలు బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు, లోపల ఏ అంశం వచ్చినా ఈవిడ ఆయన వైపు చూడాలి. మొదటి ఏడాది అలాగే గడిచింది. తర్వాత మా వీధి కాలవ పూడిక తియ్యకుండానే తీసినట్టు బిల్లు పెట్టారు. రోజూ ఆ కాలవ దాటి గుడికి వెళ్లేది అత్తయ్య గారే, మావయ్య గారు కారే దిగరు. ఆ రోజు హాల్లో ఆవిడే మాట్లాడారు. ఇంటికొచ్చాక కాస్త గొడవైందిలెండి. అప్పటినుంచి అజెండా కట్ట ఆవిడ మంచం పక్కనే ఉండేది, నాచేత చదివించుకునేవారు. కాబట్టి భర్త ఫొటో పెద్దగా ఉందని ఆవిణ్ణి ఇప్పుడే తీసిపారెయ్యకండి. ఒకసారి ఆయన లేనప్పుడు మాట్లాడి చూడండి.

రెండో అంతస్తు:

అందరికీ థాంక్స్. ఆదివారం ముగ్గురూ ప్రచారానికి వచ్చారు, అడిగేశాను. అఫిడవిట్లు కూడా చూసొచ్చాను, ముగ్గురి మీదా కేసులేం లేవు.

పాత కౌన్సిలర్ గారి భార్యని అడిగితే ఆయనే అందుకుని, "అజెండా అంటే రహస్యం బాబూ, బయట చూపించరు" అన్నారు. ఫోన్ నంబరు ఆయనదే. ఆవిడతో విడిగా మాట్లాడే వీలు దొరకలేదు, మా ఆవిడ చూస్తానంది. టీచరమ్మ కాసేపు ఆలోచించి, "చూపిస్తాను. కానీ పార్టీ లైను ఉన్నచోట చెయ్యెత్తక తప్పదు, అది మాత్రం ముందే చెబుతున్నా" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇండిపెండెంట్ అమ్మాయికి టేబుల్ అజెండా అంటే ఏమిటో తెలియదు. తెలియదని చెప్పి, నన్నే తిరిగి అడిగింది, ఫోన్లో నోట్ చేసుకుంది. పాత తీర్మానాల కాపీలు ఎక్కడ దొరుకుతాయని కూడా అడిగింది. ఇద్దరి మధ్య ఊగుతున్నాను.

గుమాస్తా గారూ, అజెండా నిజంగా రహస్యమా?

పాత గుమాస్తా:

రహస్యమైతే విలేకరులకి ఎందుకిస్తాం? మా ఆఫీసులో ప్రెస్ వాళ్లకి ఒక కట్ట విడిగా తీసి పెట్టేవాళ్లం. తీర్మానాల కాపీలకి ఆ అమ్మాయిని మున్సిపల్ ఆఫీసులో పౌర సమాచార అధికారి పేరు మీద దరఖాస్తు పెట్టమనండి. "అన్నీ కావాలి" అని రాయొద్దు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పని గురించి అన్నది రాస్తే కాగితాలు త్వరగా బయటికొస్తాయి.

ఓటు ఎవరికన్నది నేను చెప్పను. కాకపోతే ఆ అమ్మాయిని ఇంకో మాట అడగండి. ఛైర్మన్ ఎన్నిక చేతులెత్తి జరుగుతుంది, ఇండిపెండెంట్‌కి విప్ ఉండదు. బలాబలాలు దగ్గర దగ్గరగా వస్తే ఆ వారం ఆ అమ్మాయి ఇంటికి కార్లు వస్తాయి. అప్పుడు చెయ్యి ఎటు ఎత్తుతుందో, ఎత్తకుండా కూర్చుంటుందో ఇప్పుడే నలుగురి ముందు చెప్పమనండి. టీచరమ్మ తన సంగతి చెప్పేశారు కదా.