తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన: నల్లగొండ నుంచి కుటుంబంతో వెళ్ళేవారు ఎలా సిద్ధపడాలి?

నల్లగొండ శ్రోత (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. రాబోయే పుష్య బహుళ పంచమికి తమిళనాడులోని తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలకు కుటుంబంతో వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. పంచమి నాటి బృందగానాన్ని ఏటా టీవీలో చూడడమే తప్ప కావేరి ఒడ్డున కూర్చుని విన్న అనుభవం మా ఇంట్లో ఎవరికీ లేదు. మా అమ్మగారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల నేల మీద ఎక్కువసేపు కూర్చోలేరు. మా అమ్మాయి గాత్రం నేర్చుకుంటోంది. పంచరత్న కీర్తనలలో మూడు పూర్తిగా వచ్చు, ఆ బృందంలో తానూ గొంతు కలపాలని ఆశపడుతోంది. ఐదు రోజులూ ఉండవలసిందేనా, లేక పంచమికి ముందు రోజు చేరుకుంటే సరిపోతుందా? ప్రవేశ రుసుము లేదని విన్నాను, మరి చోటు దొరికే మార్గమేమిటి? ప్రయాణం, బస, వెంట తీసుకువెళ్ళవలసిన వస్తువుల గురించి తెలిసినవారు చెప్పగలరు.

మిర్యాలగూడ రసికుడు

పంచమి ఒక్క ఉదయానికే వెళ్ళేవారు జనాన్ని చూసి వస్తారే గాని సంగీతాన్ని తనివితీరా వినలేరన్నది నా గట్టి అభిప్రాయం. వీలైతే ఐదు రోజులూ ఉండండి, లేదా కనీసం మూడు రోజుల ముందే చేరుకోండి. ఉత్సవం పంచమితో మొదలు కాదు, పంచమితో ముగుస్తుంది. తిథిని బట్టి నడిచే ఉత్సవం కనుక తేదీలు ఏటా మారుతాయి: 2025లో పంచమి జనవరి 18న వస్తే 2026లో జనవరి 7నే వచ్చింది. కాబట్టి సెలవు పెట్టే ముందే పంచాంగం చూసుకోవాలి.

ఈ ముందు రోజుల అందం వేరు. పందిట్లో పక్కపక్కనే రెండు వేదికలుంటాయి. ఒకదాని మీద కచేరీ సాగుతుండగానే రెండవదాని మీద తరువాతివారు సిద్ధమవుతారు కనుక ఉదయం నుంచి రాత్రి పొద్దుపోయే వరకు పాటకు విరామమన్నది ఉండదు. ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. పేరు మోసిన విద్వాంసుడైనా, నిన్నమొన్న అరంగేట్రం చేసిన పిల్లవాడైనా ఒకటో రెండో కృతులు పాడి లేవవలసిందే. పారితోషికం ఎవరికీ లేదు. మధ్యాహ్నం పూట పందిరి పలచబడినప్పుడు ముందుకు జరిగి కూర్చుంటే, పక్క వేదిక మీద మృదంగ విద్వాంసుడు ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అద్దుకుంటూ, చిన్న రాయితో అంచు మీద తట్టి చెవి దగ్గర పెట్టి శ్రుతి సరిచూసుకోవడం కూడా కనబడుతుంది. టీవీ కెమెరా ఇటువంటివి ఎన్నడూ చూపించదు.

ప్రయాణం విషయంలో ఆలస్యం పనికిరాదు. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. పంచమి సంక్రాంతికి దగ్గరగా వచ్చిన ఏడాది అక్కడ పొంగల్ రద్దీ కూడా తోడవుతుంది కనుక తెరిచిన రోజే బుక్ చేసుకోవడం మంచిది. నల్లగొండ మీదుగా చెన్నై వెళ్ళే రాత్రి రైలు ఎక్కి, చెన్నైలో ఎగ్మూరు స్టేషనుకు మారి, కుంభకోణం మీదుగా తంజావూరు చేరవచ్చు. తంజావూరు నుంచి తిరువయ్యారు సుమారు 13 కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. తిరువయ్యారు చిన్న ఊరు, ఉత్సవ సమయంలో అక్కడ గది దొరకడం కష్టం. బస తంజావూరులోనే పెట్టుకోండి. దారి పొడవునా వరి పొలాలే కనుక మన ఆయకట్టు వాళ్ళకు కొత్త ఊరికి వచ్చామన్న భావన కలగదు.

పాలమూరు సంగీత ఉపాధ్యాయురాలు

పై మిత్రుడు రైలు గురించి, బస గురించి చెప్పారు గనుక నేను పాప గురించి చెబుతాను. మూడు కీర్తనలతో వెళ్ళడం తప్పేమీ కాదు, కానీ ఇంకా సమయం ఉంది కదా, ఐదూ పూర్తి చేయించండి. వరుస ఇలా ఉంటుంది: నాటలో జగదానందకారక, గౌళలో దుడుకుగల, ఆరభిలో సాధించెనే, వరాళిలో కనకనరుచిరా, శ్రీరాగంలో ఎందరో మహానుభావులు. అన్నీ ఆది తాళంలోనే ఉంటాయి. వరాళిని గురువు శిష్యులకు నేరుగా నేర్పరాదన్న నమ్మకం వల్ల చాలామంది పిల్లలకు ఆ నాలుగవ కీర్తనే రాదు. నేను ఆ నమ్మకాన్ని పట్టించుకోను, నా విద్యార్థులకు నేర్పుతాను. అయిష్టమున్న గురువులైతే రికార్డింగు విని నేర్చుకోమని చెప్పడం పరిపాటి.

అసలు చిక్కు పాఠాంతరంతో, అంటే ఒకే కీర్తనను ఒక్కో గురుపరంపర ఒక్కోలా పాడడంతో వస్తుంది. మన వద్ద నేర్చుకున్న సంగతికీ (పంక్తిని పాడే తీరుకూ) అక్కడ వందల గొంతులు పాడే సంగతికీ తేడా ఉంటుంది. పాప తన పాఠాన్నే పట్టుకుని పాడితే పక్కవారికి ఇబ్బంది. స్వరం దగ్గర తేడా కనబడగానే నోరు మూసి తాళం వేస్తూ ఉండి, సాహిత్యం దగ్గర మళ్ళీ అందుకోవడం మర్యాద. గత సంవత్సరాల ప్రత్యక్ష ప్రసారాలు ఆకాశవాణి, దూరదర్శన్ ద్వారా వచ్చినవే కనుక దొరుకుతాయి. వాటితో కలిసి ఇంట్లో కూర్చుని పాడిస్తే ఆ వేగమూ అలవాటవుతుంది, కీర్తనకూ కీర్తనకూ మధ్య ఎంత తక్కువ విరామం ఉంటుందో కూడా తెలుస్తుంది.

పంచమి నాటి ఉదయం సుమారు తొమ్మిది గంటలకు బృందగానం మొదలవుతుంది. దానికి ముందు భైరవి రాగంలోని "చేతులార" అనే కృతిని వేణువు మీద వాయించడం ఆనవాయితీ. ముందు వరుసలు విద్వాంసులవి, అక్కడికి వెళ్ళడానికి ప్రయత్నించవద్దు. వెనుక కూర్చున్న సామాన్య శ్రోతలు పాడితే ఎవరూ కాదనరు.

వెళ్ళే లోపు పాపకు గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి గురించి చెప్పండి. స్త్రీలకు అక్కడ పాడే అవకాశమే లేని రోజుల్లో ఆమె తన సొంత సొమ్ముతో త్యాగరాజు సమాధి చుట్టూ మందిరం కట్టించి, స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించారు. 1940 దశకం మొదట్లో ఆరాధనను వేరువేరుగా జరుపుతున్న వర్గాలన్నీ ఒకటైన తరువాతే నేడు మనం చూస్తున్న ఉమ్మడి ఉత్సవం ఏర్పడింది. 1952లో ఆమె కన్నుమూశారు. ఆమె విగ్రహం ఆ సమాధికి ఎదురుగానే ఉంటుంది. ఆ ఆవరణలో ఆడపిల్ల నోరు విప్పి పాడగలుగుతోందంటే దాని వెనుక ఎవరున్నారో పాపకు తెలిసి ఉండాలి.

సూర్యాపేట వాసి

ఐదు రోజుల సలహాతో నేను ఏకీభవించను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో రోజంతా పందిట్లో గడపడం సాధ్యం కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో రాత్రంతా భేరీల చప్పుడు మధ్య నిలబడి గడిపే మనకు జనం కొత్త కాకపోవచ్చు, కానీ ఇక్కడ నిలబడడం కాదు, కదలకుండా కూర్చోవడమే పరీక్ష. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట మాత్రమే పెట్టుకుని, మధ్యాహ్నం తంజావూరు గదిలో నడుం వాల్చనివ్వండి. మడత కుర్చీ తీసుకువెళితే పందిరి అంచున వేసుకోండి, మధ్యలో వేస్తే వెనుకవారికి అడ్డం.

నది ఒడ్డు కనుక తెల్లవారుజామున మంచు, సాయంత్రం దోమలు తప్పవు. ఉన్ని శాలువా, చెవులకు మఫ్లరు, దోమల మందు, దళసరి జంపఖానా, నీళ్ళ సీసా సరిపోతాయి. చెప్పులు విడిచి వెళ్ళాలి గనుక పాతవే వేసుకోండి. అమ్మగారికి రోజూ ఇడ్లీ, పొంగలి సరిపడకపోతే కడక్ సజ్జ రొట్టెలు, నువ్వుల పొడి పెట్టుకోండి, కొన్ని రోజుల వరకు పాడు కావు. తిరువయ్యారులో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా మాత్రం వేడిగా ఉండగా ఆకులో పెట్టించుకుని అక్కడే తినండి. డబ్బాలో కట్టించుకుని ఇంటికి తెస్తే నెయ్యి గడ్డకట్టి రుచి సగమవుతుంది.

నల్లగొండ శ్రోత

అందరికీ ధన్యవాదాలు. పంచమికి మూడు రోజుల ముందు చేరుకునేలా నిర్ణయించాము. ఒక్క సందేహం: పంచమి ఉదయం ఆ తోపులాటలో అమ్మను పందిట్లోకి తీసుకువెళ్ళడం నాకు భయంగానే ఉంది. ఆమెను గదిలో వదిలి వెళ్ళడమూ ఇష్టం లేదు.

మిర్యాలగూడ రసికుడు

ఆ ఉదయం త్యాగరాజు నివసించిన తిరుమంజన వీధి ఇంటి నుంచి ఉంఛవృత్తి (పాడుతూ ఇంటింటా బియ్యం భిక్ష స్వీకరించే ఊరేగింపు) బయలుదేరి, భజన చేస్తూ సమాధి వరకు వస్తుంది. పందిట్లో ఉన్నంత రద్దీ ఆ వీధిలో ఉండదు. అమ్మగారిని ఆ వీధిలో ఏదైనా అరుగు మీద కూర్చోబెడితే ఊరేగింపు ఆమె ముందు నుంచే వెళుతుంది, బియ్యం వేయాలనుకుంటే దోసెడు వేయవచ్చు. ఆ సమయానికి మీలో ఒకరు పాపతో పందిట్లో చోటు పట్టుకుని ఉండాలి కనుక పెద్దవాళ్ళు ఇద్దరైనా వెళ్ళడం అవసరం. బృందగానం లౌడ్‌స్పీకర్లలో చుట్టుపక్కల వీధులకు కూడా వినబడుతుంది. ఆ రాత్రి ఆంజనేయ ఉత్సవంతో ఆరాధన ముగుస్తుంది, అప్పటికి జనం చాలావరకు వెళ్ళిపోయి ఉంటారు. అమ్మగారికి ఓపిక ఉంటే సమాధి దర్శనం అప్పుడు చేయించండి, తిరుగు రైలు మాత్రం మరుసటి రోజుకే పెట్టుకోండి.