డోవర్ తనిఖీలు: 200 కిలోల సరుకుకు 116 పౌండ్లా?

ప్రశ్న (రెడింగ్ దుకాణదారు)

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో నాకు చిన్న ఆహార పదార్థాల దుకాణం ఉంది. ఇటలీలోని ఒక తయారీదారు దగ్గర నుంచి నెలకొకసారి పచ్చిపాల (కాచని పాలతో చేసిన) చీజ్, సలామీ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసపు సాసేజ్) వంటివి నాలుగు రకాలు కలిపి 200 కిలోలు తెప్పించుకుంటాను. 2024 ఏప్రిల్ 30న డోవర్ రేవు, యూరోటన్నెల్ (ఫ్రాన్స్ నుంచి సముద్రం కింద వచ్చే రైలు సొరంగం) మార్గాల్లో ఆహార దిగుమతుల తనిఖీకి కొత్త రుసుము మొదలైనప్పటి నుంచి, అధికారులు పెట్టె విప్పినా విప్పకపోయినా, ప్రతి విడత సరుకుకూ నాకు 116 పౌండ్లు పడుతున్నాయి. గత నెలలో ఒక రకం సరుకు తూకం పశువైద్యుడి ధ్రువపత్రంలో 48 కిలోలని, పెట్టెల మీది చీటీల్లో 46 కిలోలని ఉండడంతో, మరో ఆరుగురి సరుకు ఉన్న లారీ రాత్రంతా నిలిచిపోయింది. మా బావమరిది తరచూ ఫ్రాన్స్ నుంచి కారులో వస్తుంటాడు, అతనితో తెప్పించుకోవచ్చునా?

జవాబు (కస్టమ్స్ పత్రాలు చూసే ఉద్యోగి)

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతానండీ: వద్దు. అమ్మకానికి తెచ్చేది ఎవరి కారులో వచ్చినా వ్యాపార సరుకే. పైగా గాలికుంటు వ్యాధి భయంతో 2025 ఏప్రిల్ 12 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల ఆవు, గొర్రె, మేక, పంది మాంసాన్ని, పాల పదార్థాలను సొంత వాడకానికి సైతం తీసుకురానివ్వడం లేదు. తీవ్రమైన సందర్భాల్లో జరిమానా 5,000 పౌండ్ల దాకా ఉంటుంది.

ఇక రుసుమును తూకాన్ని బట్టి కాక, పత్రంలోని సరుకు వరుసలను (ఒక్కో రకానికి ఒక్కో వరుస) బట్టి నిర్ణయించారు: రోగాలు వ్యాపించే ప్రమాదం మధ్యస్థంగా, అధికంగా ఉన్న శ్రేణులకు వరుసకు 29 పౌండ్లు, తక్కువ ప్రమాదమైతే 10, ఎన్ని వరుసలున్నా గరిష్ఠంగా 145. మీకు కిలోకు 58 పెన్నీలు పడితే, అవే నాలుగు వరుసల్లో 8,000 కిలోలు తెచ్చే పెద్ద సంస్థకు పెన్నీన్నర కూడా పడదు. 2024 జనవరి 31 నుంచి తప్పనిసరైన ఆరోగ్య ధ్రువపత్రం (పశువైద్యుడు ఇచ్చేదే) ఖర్చూ ఇలాగే తక్కువ సరుకు మీద ఎక్కువ భారమవుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. సలామీ నిలువ ఉంటుంది కనుక మూడు నెలలకు సరిపడా ఒకేసారి తెప్పించుకోండి. చీజ్‌ను ఇప్పటికే దిగుమతి చేసుకున్న టోకు వ్యాపారి దగ్గర కొనుక్కోవడం మేలు.

జవాబు (లీస్టర్ కూరగాయల దుకాణదారు)

2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని, కాకరను, పొట్లను, వంకాయను పండు ఈగల కారణంగా నిషేధించినప్పుడు బ్రిటన్ అందులో సభ్యదేశమే. ఆ దెబ్బ మేము తిన్నాము. కనుక తనిఖీ అనవసరమని నేను అనను. టోకు వ్యాపారి సలహాతో మాత్రం ఏకీభవించలేను: ఆ చీజ్ అందరి దగ్గరా దొరికేదే అయితే మీ దుకాణానికి ఎవరు వస్తారు? ఇద్దరు ముగ్గురు దుకాణదారులు కలిసి ఒకే దిగుమతిదారు పేరున తెప్పించుకోండి, కాకపోతే పత్రంలో తప్పు దొర్లితే ఆ ఒక్కరే బాధ్యులవుతారని ముందే రాసుకోండి. 2025 మే 19న లండన్‌లో బ్రిటన్, ఐరోపా సమాఖ్య ఈ తనిఖీలను చాలావరకు తొలగించే ఒప్పందం దిశగా సాగాలని నిశ్చయించుకున్నాయి కాబట్టి, ఇప్పుడే పెద్ద శీతల గది కట్టించకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సలామీని మూడు నెలలకొకసారికి మార్చాను. లారీ బయలుదేరకముందే ధ్రువపత్రం, తూకపు చీటీల ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపమని తయారీదారుకు రాశాను. బావమరిదికి ఇంకా చెప్పలేదు, అతను అప్పటికే పెద్ద ఐస్ పెట్టె కొన్నాడు.