తీగలోని హరమా, స్వరమా?

పాత నోటుబుక్కు: మల్లేశ్వరంలో ఇల్లు మారుతుంటే డిగ్రీ నోటుబుక్కు బయటపడింది. ఫోరియర్ శ్రేణి (ఊగే తీరును సైన్ తరంగాల కూడికగా రాసే లెక్క) మొదలుపెట్టిన రోజు మాస్టారు బోర్డు మీద రాసిన ఆటవెలది అందులో ఉంది. మూడు పాదాలు చెదలు తినేశాయి. మిగిలింది: "తీగ లోని ...రము తెలియ దాయె". సరిగ్గా ఆ అక్షరం దగ్గరే చిల్లు. హరమా (భిన్నంలో కింది అంకె), స్వరమా?

యతిభంగం: హరమే. 'స్వ' పడితే ముందున్న 'ని' గురువై గణం చెడుతుంది.

గణగణ: చెడదండీ. 'లోని' తెలుగు మాట, సమాసం కాదు. ఊది పలికితే తప్ప గురువు కాదు.

యతిభంగం: ఊదకుండా చదివి వినిపించండి, చూద్దాం.

సున్నా బాబాయ్: బడిలో మనం చదివింది లవం, హారం. ఈ హరం ఎక్కడిది?

యతిభంగం: 'హారము' సూర్యగణం కాదు బాబాయ్. హరాత్మక శ్రేఢిలో (హార్మోనిక్ ప్రోగ్రెషన్) దీర్ఘం ఉందా? 1, 1/2, 1/3... పెరిగేవి హరాలే.

గణగణ: 'హార్మోనిక్' చెవికి తగిలి 'హరాత్మక' అయింది. హరం కథ తర్వాత అతికించినదని నా మాట.

వీణ అత్తయ్య: తీగ సగం దగ్గర వేలు ఊరికే ఆనించి మీటరా, పై షడ్జం. మూడోవంతు దగ్గరైతే దాని పైన పంచమం. హరం మారితేనే కదా స్వరం మారింది!

సున్నా బాబాయ్: అసలు ఎవరికి "తెలియ దాయె"? తీగ ఎలా ఊగినా సైన్ల కూడికేనని 1753లో డేనియల్ బెర్నూలీ అంటే ఆయిలర్, దలాంబేర్ ఒప్పుకోలేదు. 1807లో ఫోరియర్ వేడి పాకే లెక్కలో అదే పట్టుకొస్తే లగ్రాంజ్ అడ్డం తిరిగాడు. పుస్తకం అచ్చయ్యేసరికి 1822. ఇది లగ్రాంజ్ మీద ఎత్తిపొడుపే.

గణగణ: పాపం లగ్రాంజ్! ఆ కూడిక ఎప్పుడు ఒక విలువ దగ్గర నిలుస్తుందో ఫోరియర్ తేల్చనే లేదు. 1829లో డిరిక్లే షరతులు పెడితే గాని గట్టి నిరూపణ రాలేదు.

యతిభంగం: మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు మా పావులూరి మల్లన. భిన్నాలే పద్యంలో ఒదిగాయి, మీకు ఒక్క 'హ' ఒదగదా?

గణగణ: మల్లన మీ ఒక్కరివాడే ఎప్పుడయ్యాడు?

వీణ అత్తయ్య: మృదంగం ఎవరూ ఎత్తరేం? తోలు వాద్యమైనా నడిమి కరణి (నల్ల ముద్ద) బరువు వల్ల తీగలాగే హరాత్మకంగా మోగుతుందని సి.వి. రామన్ 1920లోనే రాశారు.

పాత నోటుబుక్కు: భూతద్దం పెట్టి చూశా. చిల్లు కింద చిన్న వంపు ఉంది. వ వత్తు తోకేమో.

యతిభంగం: చెదపురుగు గీసింది అయ్యుంటుంది. ఫోటో పెట్టు.