ఏడాదికి 50 గంటల ట్రైనింగ్, ఎవరికి పనికొస్తోంది?

సర్కారుబడి_సారు:
2020 జాతీయ విద్యా విధానంలో ప్రతి టీచరుకీ ఏడాదికి కనీసం 50 గంటల ట్రైనింగ్ అని రాశారు. రాశారు సరే, జరిగేదేంటి? స్టేట్‌లో విన్నాయన జిల్లాలో చెప్తాడు, జిల్లాలో విన్నాయన మండలానికొచ్చి అవే పీపీటీలు చదువుతాడు, మా దాకా వచ్చేసరికి చాయ్ బిస్కెట్, గ్రూప్ ఫోటో మిగుల్తాయి. 2020లో నిష్ఠ అని టీచర్లకి ఆన్‌లైన్ ట్రైనింగ్ తెచ్చి, దీక్ష యాప్‌లో 18 మాడ్యూళ్లు పెట్టారు గుర్తుందా, వీడియో దాని పాటికది ఆడుతుంటే మేం కూరగాయలు తరుక్కున్నాం, క్విజ్ జవాబులు వాట్సాప్‌లో వచ్చేశాయి. ఆపేస్తే పోయేదేముంది?

పల్లె_టీచరమ్మ:
ఎందుకు పోదు సార్? నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ తరగతుల టీచర్ని. మూడో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలుంటే ఏం చెయ్యాలో డీఎడ్ టీచర్ కోర్సులో నాకెవరూ చెప్పలే. 2022లో తొలిమెట్టు అని, పిల్లలకి చదవడం, లెక్కలు మొదట్నుంచీ నేర్పే కార్యక్రమం తెచ్చారు కదా, ఆ ట్రైనింగ్‌లోనే తెలిసింది, తరగతిని పక్కనపెట్టి ఎవరికెంత వచ్చో చూసి గ్రూపులు చేసుకోవాలని. మీకు ట్రైనింగ్ ఇచ్చే ఆర్పీ పీపీటీ చదివితే అది ఆర్పీ తప్పు.

ఒంటరి_టీచర్:
మేడం, మాది సింగిల్ టీచర్ బడి. నేను ట్రైనింగ్‌కి పోతే పక్కూరి నుంచి ఎవర్నన్నా సర్దుబాటు చెయ్యాలి, లేదంటే బడికి తాళమే. పోనీ ఎండాకాలం పెడితే సెలవులు పోతాయి, వాటికి బదులు ఈఎల్స్, అంటే ఎర్న్‌డ్ లీవులు, జమ చేయించుకోవాలంటే ఆఫీసు చుట్టూ తిరగాలి. మంచిదా చెడ్డదా తర్వాత, ముందు ఎప్పుడు పొమ్మంటారో చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు:
బ్రిటిష్ వాళ్ల సాయంతో ఏపీపెప్ అనే ప్రైమరీ బడుల ప్రాజెక్టు నడిచిన రోజుల్లో టీచర్ సెంటర్లుండేవి బాబూ, చుట్టుపక్కల బళ్ల వాళ్లం అక్కడ కలిసేవాళ్లం. మా సెంటర్లో ఒకరు పిల్లల ముందే పాఠం చెప్తే మిగతావాళ్లం వెనక కూర్చుని చూసేవాళ్లం, అయ్యాక మొహమాటం లేకుండా ఇది బాలేదు అని చెప్పేవాళ్లం. ఇప్పుడు ట్రైనింగ్ అయ్యాక క్లాసుకొచ్చి చూసేదెవరు? వచ్చినా రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు అడిగి పోతారు. అసలు లోపం అక్కడుంది, గంటలు పెంచితే ఏమొస్తుంది.

పల్లె_టీచరమ్మ:
ఇప్పుడూ చుట్టుపక్కల బళ్ల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులున్నాయి మాస్టారూ, కానీ మా దగ్గర సగం టైం యాప్ ఎంట్రీలకే పోతుంది, మోడల్ లెసన్ అంటే భోజనాల ముందు పావుగంట.

సర్కారుబడి_సారు:
మాస్టారు చెప్పిన లాంటి మీటింగ్ అయితే ఆదివారం పెట్టినా వస్తా. కానీ సర్టిఫికెట్ రాని ఆ మీటింగ్ గంటల్ని మీ 50లో కలుపుతారా, అది చెప్పండి.