అమెరికా ఫౌండేషన్ 'రేషియల్ ఈక్విటీ' గ్రాంటుకు మన దగ్గరి సొసైటీ దరఖాస్తు పెట్టొచ్చా? వినతిపత్రాలు, ధర్నాల సంగతి ఎట్ల?

గోదారి_గట్టు (ములుగు)

అందరికీ నమస్తే. మాది కోయ గూడేలల్ల, లంబాడ తండాలల్ల పోడు పట్టాలు, అట్రాసిటీ కేసుల మీద పనిచేసే సొసైటీ. రిజిస్ట్రేషన్ అయి నాలుగేండ్లు నిండినయి. 12ఏ, 80జీ (ఆదాయపన్ను మినహాయింపులు) ఉన్నయి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. ఏడాదికి ఆరేడు లక్షల ఖర్చు, అంతా చందాలతోనే నడుస్తది.

అమెరికాల ఒక ప్రైవేటు ఫౌండేషన్ రేషియల్ ఈక్విటీ (జాతి సమానత్వం), అడ్వకసీ (హక్కుల కోసం వాదించుడు) కింద గ్రాంటు ప్రకటించింది. ఇండియా సంస్థలకు కూడా అర్హత ఉన్నదని రాసిండ్రు. రెండేండ్లకు కలిపి 50 వేల డాలర్లు. ఎఫ్‌సీఆర్‌ఏ లేకుండ తీసుకునే దారి ఏమన్నా ఉన్నదా? కులం, తెగ మీద జరిగే వివక్షను వాళ్ల 'రేస్' కింద చూపెట్టొచ్చా? కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తం, ఎమ్మెల్యేలకు వినతిపత్రం ఇస్తం, గవి బడ్జెట్ల రాయాల్నా వద్దా? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

చిట్టా_పద్దు (హన్మకొండ)

ప్రపోజల్ సంగతి తర్వాత, ముందుగాల పైసలు వచ్చే దారి చూడుండ్రి. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండ ఆ ఫౌండేషన్ నుంచి ఒక్క డాలర్ కూడా మీ ఖాతాల పడొద్దు. 'కన్సల్టెన్సీ ఫీజు' అని బిల్లు రాసి తీసుకుందామని ఎవరన్నా సలహా ఇస్తే వినకుండ్రి. పేరు మార్చినంత మాత్రాన గ్రాంటు ఫీజు కాదు. పట్టుబడితే కేసు అయితది, రేపు రిజిస్ట్రేషన్ అడిగే మొఖం కూడా ఉండది.

దారులు రెండు. ఎఫ్‌సీ-3ఏ అంటే పూర్తి రిజిస్ట్రేషన్, ఐదేండ్లు చెల్లుతది. దానికి సంస్థకు మూడేండ్లు నిండాలె, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాలల్ల కలిపి కనీసం 15 లక్షలు అసలు పని మీద ఖర్చయి ఉండాలె. మీ ఆరేడు లక్షలను మూడుతో గుణిస్తే 18 నుంచి 21 వస్తది గని, అండ్ల ఆఫీసు కిరాయి, అకౌంటెంట్ జీతం, కరెంటు బిల్లు లెక్కకు రావు. అవి తీసేసినంక 15 దాటుతున్నదా లేదా ఆడిట్ రిపోర్టు ముంగట పెట్టుకొని చూడుండ్రి. చాలా సొసైటీలు ఇక్కడనే ఆగిపోతయి, ఎందుకంటే ఆడిటర్ అన్నిటినీ కలిపి 'ఇతర ఖర్చులు' అని ఒకే పద్దుల వేసి ఉంటడు.

రెండోది ఎఫ్‌సీ-3బీ, ముందస్తు అనుమతి. ఫలానా దాత, ఫలానా పని, ఫలానా మొత్తం అని ఈ ఒక్క గ్రాంటుకే ఇస్తరు. మీకు దాత ఎవరో తెలుసు కాబట్టి ఇదే సరిపోతది. దీనికి ఆ ఫౌండేషన్ నుంచి హామీ లేఖ, దాంతోపాటు ప్రాజెక్టు రిపోర్టు కావాలె. వాళ్లేమో 'అనుమతి తెస్తే లేఖ ఇస్తం' అంటరు, ఇక్కడేమో 'లేఖ తెస్తే అనుమతి చూస్తం' అంటరు. ఈ చిక్కుముడి విప్పాలంటే 'భారత ప్రభుత్వ అనుమతి వచ్చిన తర్వాతే విడుదల చేస్తాం' అనే షరతుతోని లేఖ అడుగుండ్రి. లేఖల ఉన్న అంకె, రిపోర్టు బడ్జెట్ల ఉన్న అంకె అచ్చంగ ఒకటే ఉండాలె. ఇండ్ల వెయ్యి రూపాయల తేడా వచ్చినా ప్రశ్న వేసి వెనక్కి పంపుతరు.

ఇంకొక మాట. ఎఫ్‌సీఆర్‌ఏల పనిని సామాజిక, విద్య, ఆర్థిక, సాంస్కృతిక, మత అనే ఐదు ఖానాలుగనే చూస్తరు. అడ్వకసీ అనే ఖానా లేదు. మీది సామాజికం. మీ బైలాల లక్ష్యాలల్ల అటవీ హక్కులు, న్యాయ సహాయం అనే మాటలు ఉన్నయో లేవో చూసుకోండ్రి. లేకుంటే ముందుగాల సర్వసభ్య సమావేశం పెట్టి సవరణ చేసి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుండ్రి.

అట్లాంటిక్_అవతల

చిట్టా గారు ఇక్కడి చట్టం చెప్పారు కాబట్టి నేను అటువైపు చెప్తాను. అడ్వకసీ అనే మాటను అక్కడ రెండు ముక్కలు చేసి చూస్తారు. ప్రైవేటు ఫౌండేషన్ తన డబ్బును లాబీయింగ్‌కు అని కేటాయించి ఇస్తే అక్కడి పన్ను చట్టం 4945 సెక్షన్ కింద ఆ ఖర్చు మీద 20 శాతం పన్ను పడుతుంది. లాబీయింగ్ అంటే ఒక నిర్దిష్ట బిల్లు మీద చట్టసభ సభ్యుడికి 'దీన్ని సమర్థించండి' లేదా 'వ్యతిరేకించండి' అని చెప్పడం, లేదా జనాన్ని పిలిచి వాళ్లతో అలా చెప్పించడం. అమెరికా చట్టసభలకే ఇది వర్తిస్తుందని అనుకోకండి, ఫౌండేషన్ల లాయర్లు మన అసెంబ్లీ విషయంలోనూ ఇదే కొలత వాడతారు.

ఉన్న చట్టాన్ని అమలు చేయమని అధికారులను అడగడం మాత్రం లాబీయింగ్ కాదు. మీ పనిలో ఎక్కువ భాగం ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిములు వేయించడం, సబ్ డివిజన్ కమిటీ తిరస్కరిస్తే జిల్లా కమిటీకి అప్పీలు, సమాచార హక్కు దరఖాస్తు, అట్రాసిటీ కేసులో పరిహారం అడగడం, అన్నీ ధైర్యంగా రాయవచ్చు. ఏ పక్షానికీ కొమ్ము కాయకుండా రెండు వైపులా వాస్తవాలు చూపించే అధ్యయనానికి కూడా మినహాయింపు ఉంది. అసెంబ్లీలో ఉన్న బిల్లు మీద ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇస్తే అది లాబీయింగే, కాబట్టి ఆ పనిని ఈ బడ్జెట్లో పెట్టకండి. ఎన్నికల్లో ఒక అభ్యర్థికి అనుకూలంగానో వ్యతిరేకంగానో ఒక్క కరపత్రం కూడా ఈ డబ్బుతో రాకూడదు, దానికి ఏ మినహాయింపూ లేదు.

మీ సంస్థ వాళ్ల చట్టం ప్రకారం చారిటీ కాదు కాబట్టి ఫౌండేషన్ రెండింట్లో ఒకటి చేయాలి. మీరు అక్కడి పబ్లిక్ చారిటీకి సమానమని అర్హత ఉన్న పన్ను నిపుణుడి దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకోవడం ఒకటి. అది లేకపోతే డబ్బు సరిగ్గా ఖర్చయిందో లేదో చూసే బాధ్యత తమ మీద వేసుకోవడం. చిన్న సంస్థలకు ఎక్కువగా రెండోదే జరుగుతుంది. దానికి ముందస్తు విచారణ, ఒప్పందం, విడి పద్దు, ఏటా ఖర్చు నివేదిక ఉంటాయి. ఒప్పందంలో లాబీయింగ్, ఎన్నికల నిషేధం అనే పేరా కచ్చితంగా ఉంటుంది, సంతకానికి ముందు ఆ పేరాను కమిటీ అందరికీ తెలుగులో చదివి వినిపించండి.

ఇంకొకటి, పాత ప్రకటన చూసి రాయకండి. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళలకు మాత్రమే ఇచ్చిన 20 వేల డాలర్ల గ్రాంటు పోటీని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆపేసింది. అదే సెప్టెంబరులో రాజీ కుదిరి ఆ పోటీ మూతపడింది. ఆ తర్వాత చాలా ఫౌండేషన్లు 'రేషియల్ ఈక్విటీ' అనే మాటనే మార్చుకుంటున్నాయి. ఈ ఏటి మార్గదర్శకాల్లో ఏ మాట వాడారో చూసి, ఆ మాటతోనే జవాబు ఇవ్వండి.

ఊరి_దస్తావేజు (భూపాలపల్లి)

కులాన్ని 'రేస్' అని రాయకుండ్రి. రాస్తే అబద్ధం అయితది, పైగా చదివే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మీ పని ఏందో అర్థం కాదు. సరైన మాట ఇప్పటికే ఉన్నది. జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం మొదటి అధికరణంల 'వంశం' అనే మాట ఉన్నది, ఇండియా 1968ల ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 2001ల జాతి వివక్ష మీద డర్బన్‌ల జరిగిన ఐక్యరాజ్యసమితి సభల దళిత సంఘాలు కులం ముచ్చట ఎత్తినయి, మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా ఆ ఒప్పందం కమిటీ 2002ల తన 29వ సిఫార్సుల వంశం అంటే కులం కూడా అని రాసింది. అమెరికాలనే సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిల కుల వివక్షను నిషేధించింది. కాబట్టి 'పుట్టుక, వంశం ఆధారంగ జరిగే వివక్ష' అని రాసి, కిందనే ఇది మన దగ్గర షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల మీద ఎట్ల జరుగుతదో నాలుగు వాక్యాలల్ల చెప్పుండ్రి. కోయలను, లంబాడలను ఒకే గంపల వేయకుండ్రి. వాళ్ల భూమి గొడవలు ఒక తీరు కాదు, అది దాచిపెడితే తర్వాత మీ ఊర్లల్లనే ఇబ్బంది.

ఇగ బడ్జెట్. పెద్ద మాటలు కాదు, కాగితాలు లెక్క చూపెట్టుండ్రి. ఉదాహరణకు '12 గూడేలల్ల సామూహిక అటవీ వనరుల క్లెయిము' అని ఒక పద్దు. దానికి ఫారం-సీ (ఈ క్లెయిము దరఖాస్తు), సరిహద్దు మ్యాపు, పెద్దమనుషుల వాంగ్మూలం, ఇంకొక ఆధారం. ఎప్పుడైనా ఒక్క ఆధారం సరిపోదు, ఒకటికి మించి ఉండాలె. గ్రామసభ కోరం సగం మంది, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లు, క్లెయిము తీర్మానం నాడు క్లెయిముదారులల్ల సగం మంది హాజరు. క్లెయిములు పోయేది ఇక్కడనే. పంచాయతీ ఆఫీసుల నలుగురు కూసొని తీర్మానం రాసి, తర్వాత ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తీసుకుంటరు. తీర్మానం తేదీ ఒకటి, రిజిస్టర్ల హాజరు తేదీ ఇంకొకటి ఉంటది, కమిటీ దాన్ని చూసి పక్కకు పడేస్తది. ఒక్కో గూడేనికి రెండు గ్రామసభలు, టెంటు, మైకు, భోజనం, ఫొటోలు, మ్యాపు మనిషి రెండు రోజుల కూలి, ఇట్ల విడగొట్టి రాస్తే ఎవలూ ప్రశ్న వేయరు.

అట్రాసిటీ వైపు కూడా గంతే. జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకు ఒకసారన్నా కూసోవాలని నిబంధన ఉన్నది. కూసున్నదా లేదా, ఏ కేసుల ఎంత పరిహారం ఇచ్చిండ్రో సమాచార హక్కు కింద కాగితం తీసుకోండ్రి. ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లాల 10. అది వాళ్లకు చూపెట్టే ఫలితం, మీకు పనికొచ్చే ఆయుధం కూడా.

గోదారి_గట్టు (ములుగు)

చాలా థ్యాంక్స్. ఇంకా మూడు అనుమానాలు. మా కమిటీల ఒకాయన వార్డు మెంబర్‌గ నామినేషన్ వేస్తా అంటుండు, ఇంకొకాయన ఒక పేపర్‌కు విలేకరి. గూడెంలోని మహిళా సంఘాలకు గ్రాంటుల కొంత ఇద్దామనుకున్నం. డాలస్‌ల ఉన్న మా ఊరోళ్లు ఇచ్చే చందాలు కూడా విదేశీ నిధులేనా?

చిట్టా_పద్దు (హన్మకొండ)

తమ్మీ, మొదటిది గట్టిగ పట్టించుకోవాల్సిన ముచ్చట. ఎఫ్‌సీఆర్‌ఏల 'శాసనసభ' అనే మాటకు ఇచ్చిన అర్థంల పంచాయతీ, మున్సిపాలిటీ కూడా ఉన్నయి. అంటే వార్డు మెంబర్, సర్పంచ్, ఆ పదవులకు నామినేషన్ వేసినోళ్లు విదేశీ విరాళం తీసుకోవద్దు. రిజిస్టర్డ్ పత్రిక విలేకరికి కూడా అదే నిషేధం. నిషేధం వాళ్ల మీద వ్యక్తిగతంగ, సొసైటీ మీద నేరుగ కాదు. అయినా విచారణకు వచ్చినోళ్లు ముందుగాల అడిగేది ఆ పేర్లే. నా మాట వింటే దరఖాస్తుకు ముందే ఆ ఇద్దరిని కమిటీ నుంచి తప్పించి, సలహాదారులుగ పెట్టుకోండ్రి. నామినేషన్ వేసినాయనకు గ్రాంటు నుంచి ప్రయాణ ఖర్చు కూడా ఇవ్వకుండ్రి.

ధర్నా మాట నువ్వు అడిగినవ్, ఎవలూ చెప్పలేదు. 2020 మార్చిల సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది. బంద్, రాస్తారోకో లాంటివి ప్రజల కోసం చేస్తే, పార్టీ రాజకీయాలతోని సంబంధం లేకుంటే, ఆ ఒక్క కారణంతోని సంస్థను రాజకీయ సంస్థ అనొద్దని చెప్పింది. గని ధర్నా టెంటు బిల్లు విదేశీ ఖాతాల పెట్టకుండ్రి. దానికి ఊర్లె చందా చాలు.

మహిళా సంఘాలకు పంచుడు కుదరదు. 2020 సవరణ తర్వాత విదేశీ నిధిని ఇంకొకరికి బదిలీ చేసుడు పూర్తిగ బంద్, 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను సమర్థించింది. సంఘం సభ్యురాలిని మీ సొసైటీల కార్యకర్తగ పెట్టుకొని జీతం ఇయ్యొచ్చు, భోజనాలు వాళ్లతోని వండించి బిల్లు కట్టొచ్చు. చేసిన పనికి పైసలు ఇచ్చుడు వేరు, గ్రాంటు పంచుడు వేరు.

డాలస్ చందాలకు పాస్‌పోర్టు చూడాలె. ఇండియా పాస్‌పోర్టు ఉంటే, గ్రీన్ కార్డు ఉన్నా సరే, బ్యాంకు ద్వారా వచ్చింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నోళ్లది, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. వాళ్లు హన్మకొండ బ్యాంకుల ఎన్ఆర్ఓ (విదేశాలల్ల ఉండేటోళ్ల రూపాయి) ఖాతా నుంచి రూపాయలల్ల పంపినా అంతే. ప్రతి దాత దగ్గర పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు తీసుకొని రసీదు వెనుక పిన్ను కొట్టి పెట్టుండ్రి.

అనుమతి వచ్చినంక డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలనే పడాలె, అండ్ల నుంచి ఇక్కడి వినియోగ ఖాతాకు మార్చుకోవాలె. పరిపాలన ఖర్చు ఆ ఏడాది వచ్చిన మొత్తంల 20 శాతం దాటొద్దు. 20 లక్షలు వస్తే 4 లక్షలు. ఒక ఏడాది మొత్తం పడి, రెండో ఏడాది ఏమీ రాకుంటే ఆ రెండో ఏడాది ఆఫీసు జీతాలకు లెక్క చూపెట్టుడు కష్టం, అందుకే ఫౌండేషన్‌ను రెండు కిస్తీలు అడుగుండ్రి. రూపాయల లెక్క ఖాతాల పడ్డ మొత్తం మీదనే వేయాలె, డాలర్ రేటుతోని గుణించి కాదు. వడ్డీ కూడా విదేశీ విరాళమే. ఎఫ్‌సీ-4 (విదేశీ నిధుల లెక్కల రిటర్ను) ఏటా డిసెంబర్ 31 లోపు వేయాలె, ఆ ఏడు పైసా రాకున్నా సున్న చూపెట్టి వేయాలె.